అమెరికా రాజకీయాల గొడవ: మనవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

డాలస్ పక్కన ఒక ఊళ్లో 19 ఏళ్లుగా ఉంటున్నాను. ఆదివారం గుంటూరు నుంచి నాన్నగారు ఫోన్ చేస్తే ఆరోగ్యం గురించి రెండు నిమిషాలు, ట్రంప్ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడతారు. ఆయన స్నేహితులు, కొత్తగా ఎంఎస్‌కి వచ్చిన పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు కూడా తిప్పి తిప్పి ఇవే అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. ఇందులో ఉన్నవి 2025 డిసెంబరు దాకా జరిగిన సంగతులు.

## వార్తలు చూడటం మొదలుపెట్టినవాళ్లకు

రెడ్ స్టేట్, బ్లూ స్టేట్ అంటారేంటి? అక్కడా మనలాగే పార్టీ రంగులా?

ఎరుపు రిపబ్లికన్లది, నీలం డెమోక్రాట్లది. మన జెండా రంగుల్లా పార్టీలు ఎంచుకున్నవి కావు ఇవి. 2000 ఎన్నికల ఫలితం తేలడానికి వారాలు పట్టింది. అన్ని రోజులూ టీవీల్లో ఒకే మ్యాప్ చూసిన జనం నోట అవే రంగులు స్థిరపడిపోయాయి. అంతకుముందు ఒక్కో చానల్ ఒక్కో రంగు వాడేది. రెడ్ స్టేట్ అంటే అందరూ రిపబ్లికన్లే అనుకోకండి. టెక్సస్ రెడ్ స్టేటే, కానీ డాలస్, ఆస్టిన్ నగరాలు డెమోక్రాట్లవైపు ఉంటాయి. అసలు తేడా రాష్ట్రాల మధ్య కన్నా నగరానికీ పల్లెకూ మధ్య ఎక్కువ.

లింకన్‌ది రిపబ్లికన్ పార్టీ కదా, మరి నల్లజాతి వాళ్లు ఎక్కువమంది డెమోక్రాట్లకు ఎందుకు వేస్తారు?

1854లో పుట్టిన రిపబ్లికన్ పార్టీ బానిసత్వం విస్తరించకూడదని పోరాడింది. అప్పట్లో దక్షిణాది తెల్ల భూస్వాములది డెమోక్రాట్ పార్టీ. తర్వాత అది తలకిందులైంది. 1964లో పౌర హక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం తెచ్చింది డెమోక్రాట్ అధ్యక్షుడు లిండన్ జాన్సన్. దానితో దక్షిణాది తెల్లవాళ్లు కొన్నేళ్లలో మెల్లమెల్లగా రిపబ్లికన్లవైపు జరిగారు, నల్లజాతివాళ్లు డెమోక్రాట్లతో నిలిచారు. మనవాళ్లకు తలుపు తెరిచిన వలస చట్టం కూడా 1965లోనే వచ్చింది. ఇవాళ డాలస్‌లో ఇన్ని తెలుగు ఇళ్లున్నాయంటే దానికి మూలం ఆ ఏడాదిలో ఉంది.

ఎప్పుడూ ఇలాగే కొట్టుకునేవాళ్లా, లేక ట్రంప్ వచ్చాకే ఇలా అయిందా?

ట్రంప్ దీన్ని పెంచాడన్నది నిజం, కానీ మొదలుపెట్టింది ఆయన కాదు. 1960లో ఒక సర్వేలో, మీ పిల్లలు అవతలి పార్టీ వాళ్లను పెళ్లి చేసుకుంటే బాధపడతారా అని అడిగితే 100 మందిలో ఐదుగురికి మించి అవునన్లేదు. 2010లో అదే అడిగితే రిపబ్లికన్లలో దాదాపు సగం మంది, డెమోక్రాట్లలో మూడో వంతు అవునన్నారు. ట్రంప్ 2015లో అధ్యక్ష పోటీలోకి దిగడానికి ఐదేళ్ల ముందు మాట ఇది. మనకు ఈ అంకెలు చెబితే వెంటనే తడుతుంది: ఇక్కడ పార్టీ కులం లాంటిది అయిపోయింది. ఎక్కడ ఇల్లు కొంటారు, ఏ బండి నడుపుతారు, ఏ చర్చికి వెళ్తారు అన్నది తెలిస్తే ఓటు ఎటో చాలావరకు ఊహించొచ్చు.

ఇలా అవడానికి కారణాలు చాలా ఉన్నాయి. నాకు బలంగా కనిపించేది ఫ్యాక్టరీలు మూతపడటం. 2000లో కోటీ 70 లక్షలకు పైగా ఉన్న ఫ్యాక్టరీ ఉద్యోగాలు 2010 నాటికి కోటీ 15 లక్షల దగ్గరికి పడిపోయాయి. చైనా సరుకు వచ్చింది, యంత్రాలు వచ్చాయి. ఒహాయో, మిషిగన్, పెన్సిల్వేనియాలలో తాత, తండ్రి పనిచేసిన మిల్లు మూతపడితే ఊరికి ఊరే చితికిపోయింది. అదే కాలంలో కాలిఫోర్నియా, సియాటిల్, బోస్టన్ లాంటి చోట్ల డిగ్రీ ఉన్నవాళ్లు బాగుపడ్డారు. ఇప్పుడు తెల్లవాళ్లలో ఓటు ఎటో చెప్పే గట్టి గుర్తుల్లో కాలేజీ డిగ్రీ ఒకటి. డిగ్రీ ఉన్నవాళ్లు డెమోక్రాట్లవైపు, లేనివాళ్లు రిపబ్లికన్లవైపు మొగ్గారు. మనం వచ్చింది ఆ బాగుపడిన ఊళ్లకు. అందుకే మనకు రెండో అమెరికా సరిగ్గా కనపడదు.

ఒక్కో చానల్ ఒక్కో కథ చెబుతోంది. ఏది చూడాలి?

1987 దాకా ఇక్కడ రేడియో, టీవీలకు ఒక నియమం ఉండేది. వివాదం ఉన్న విషయమైతే రెండువైపులా చెప్పాలి. దాన్ని తీసేశారు. 1996లో ఫాక్స్ న్యూస్, ఎంఎస్ఎన్‌బీసీ వచ్చాయి, కాలక్రమంలో చెరోవైపు చేరాయి. దీని మీద ఫోన్‌లో వచ్చే చిన్న వీడియోలు. మా నాన్నగారికి నేను చెప్పేది ఒకటే. అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ), రాయిటర్స్ లాంటి వార్తా సంస్థల్లో ఏం జరిగిందో ముందు చదవండి. ఎవరేమన్నారన్నది తర్వాత చూడండి. యూట్యూబ్‌లో "అమెరికాలో మనవాళ్లకు షాక్" అన్న బొమ్మ కనిపిస్తే టెన్షన్ పడకుండా ఒక రోజు ఆగండి. సగం సంగతులు ఆ రోజులోనే మారిపోతాయి.

## ఎన్నికల లెక్క అర్థం కానివాళ్లకు

ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లు ఎలా ఓడిపోతారండీ?

దేశం మొత్తం ఓట్లు కలిపి లెక్కపెట్టరు. అధ్యక్షుణ్ని ఎన్నుకునే ప్రతినిధులు, అంటే ఎలక్టర్లు, రాష్ట్రాలవారీగా మొత్తం 538 మంది ఉంటారు, 270 వస్తే గెలుపు. దాదాపు ప్రతి రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా ఆ రాష్ట్రం ఎలక్టర్లంతా గెలిచినవాళ్లకే. మెయిన్, నెబ్రాస్కా మాత్రం పంచి ఇస్తాయి. 2016లో హిల్లరీ క్లింటన్‌కు 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువొచ్చినా ట్రంప్ గెలిచాడు. 2000లో ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడా దేశాన్ని బుష్ చేతిలో పెట్టింది. 2024లో అలా జరగలేదు. ట్రంప్‌కు ఓట్లూ ఎక్కువొచ్చాయి, ఎలక్టర్లూ 312 మంది వచ్చారు. పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్, జార్జియా, నార్త్ కరోలినా, ఆరిజోనా, నెవాడా, ఈ ఏడూ ఆయనకే పడ్డాయి. ప్రచారమంతా ఆ ఏడు రాష్ట్రాల్లోనే జరుగుతుంది. కాలిఫోర్నియాలో కోట్లమంది ఉన్నా ఎవరూ వాళ్ల గుమ్మం తొక్కరు.

మెజారిటీ ఉన్నా బిల్లు పాస్ కాదంటారు, ప్రభుత్వం మూసేశామంటారు. అదెలా?

ఇక్కడి పార్లమెంటులో పై సభ పేరు సెనేట్, అందులో 100 మంది. మామూలు బిల్లు మీద చర్చ ముగించి ఓటింగ్‌కు రావాలంటేనే 60 మంది ఒప్పుకోవాలి. ఈమధ్య కాలంలో ఏ పార్టీకీ 60 ఉండటం లేదు. పైగా ప్రతి రాష్ట్రానికీ ఇద్దరే సెనేటర్లు. దాదాపు 4 కోట్ల జనం ఉన్న కాలిఫోర్నియాకూ ఇద్దరే, 6 లక్షలు కూడా లేని వయోమింగ్‌కూ ఇద్దరే.

ఖర్చుల బిల్లు సమయానికి పాస్ కాకపోతే ప్రభుత్వ ఆఫీసులు మూతపడతాయి. మన దగ్గర బడ్జెట్ ఓడిపోతే ప్రభుత్వమే పడిపోతుంది. ఇక్కడ ప్రభుత్వం ఉంటుంది, జీతాలు ఆగుతాయి. 2025 అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా 43 రోజులు అలా ఆగింది. అప్పటిదాకా ఇక్కడి చరిత్రలో అంత పొడవైన షట్‌డౌన్ (ఇలా ఆఫీసులు మూతపడటం) ఇంకొకటి లేదు. ఆరోగ్య బీమాకు ఇచ్చే సాయం పొడిగించాలని డెమోక్రాట్లు పట్టుబట్టారు, రిపబ్లికన్లు కాదన్నారు. విమానాలను దారి నడిపే ఉద్యోగులు జీతం లేకుండా పనిచేశారు, 40 పెద్ద ఎయిర్‌పోర్టుల్లో విమానాలు తగ్గించారు. 4 కోట్లకు పైగా పేదలకు అందే తిండి సాయం నవంబరులో తడబడింది. ఆ వారాల్లో మా ఊరి ఫుడ్ బ్యాంకులో సాయానికి వెళ్లాను. యూనిఫారంలోనే వచ్చి లైన్లో నిలబడ్డ ప్రభుత్వ ఉద్యోగిని చూశాక టీవీలో ఎవరు గెలిచారన్న చర్చ వినబుద్ధి కాలేదు.

నియోజకవర్గాలు ఇష్టమొచ్చినట్టు గీసుకుంటారట, నిజమేనా?

చాలా రాష్ట్రాల్లో నిజమే. మన దగ్గర 2008లో అమల్లోకి వచ్చిన పునర్విభజన చేసింది రిటైర్డ్ సుప్రీంకోర్టు జడ్జి ఉన్న కమిషన్. ఇక్కడ ఎక్కువ రాష్ట్రాల్లో అధికారంలో ఉన్న పార్టీ ఎమ్మెల్యేలే గీత గీస్తారు. ఇది 1812 నుంచి ఉన్న జబ్బు. పార్టీ లాభం కోసం గీసినా ఫెడరల్ కోర్టులు జోక్యం చేసుకోవని 2019లో సుప్రీంకోర్టు తేల్చేసింది. మామూలుగా పదేళ్లకోసారి జనాభా లెక్కల తర్వాత గీస్తారు. 2025 ఆగస్టులో టెక్సస్ మధ్యలోనే గీసి రిపబ్లికన్లకు ఐదు సీట్లు పెంచాలని చూసింది. దానికి జవాబుగా కాలిఫోర్నియా నవంబరు 4న ప్రజల ఓటు పెట్టి డెమోక్రాట్లకు అనుకూలంగా గీసుకుంది. ఓటరు నాయకుణ్ని ఎంచుకోవాలి గానీ నాయకుడు ఓటర్లను ఎంచుకోవడమేంటని ఇక్కడ రెండు పార్టీల మామూలు జనమూ అంటారు. నా అభిప్రాయమూ అదే. రెండు రాష్ట్రాలు చేసిందీ తప్పే.

జడ్జీలను కూడా పార్టీ పేరుతో పిలుస్తారేంటి?

సుప్రీంకోర్టు జడ్జిని అధ్యక్షుడు ఎంపిక చేస్తాడు, సెనేట్ ఒప్పుకుంటుంది. రిటైర్మెంట్ వయసు లేదు, బతికున్నంత కాలం ఉండొచ్చు. ఇప్పుడున్న తొమ్మిది మందిలో ఆరుగురిని రిపబ్లికన్ అధ్యక్షులు వేశారు, అందులో ముగ్గురిని ట్రంప్ మొదటి పాలనలోనే వేశాడు. పార్లమెంటులో తేలని విషయాలన్నీ కోర్టుకే చేరుతున్నాయి. ఒక జడ్జి చనిపోతే ఆ కుర్చీ కోసం ఎన్నికలంత యుద్ధం జరుగుతుంది.

మళ్లీ ఎన్నికలు ఎప్పుడు?

2026 నవంబరు 3న. ప్రతినిధుల సభలో 435 సీట్లూ, సెనేట్‌లో 35, గవర్నర్ పదవులు 36. అధ్యక్ష పదవికి మాత్రం 2028లో.

## గొడవ ఇల్లు, బడి, బజారు దాకా వచ్చిందేంటి అనేవాళ్లకు

"వోక్" అంటే ఏంటి? అందరూ తిట్టుగా వాడుతున్నారు.

అది నల్లజాతివాళ్ల ఇంగ్లిష్ నుంచి వచ్చిన మాట. మెలకువగా ఉండండి, అన్యాయం ఎటునుంచి వస్తుందో చూసుకోండి అని అర్థం. 2020 మే 25న మినియాపొలిస్‌లో పోలీసు మోకాలి కింద జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాక దేశమంతా ఊరేగింపులు జరిగాయి. కంపెనీలు, కాలేజీలు వైవిధ్యం పేరుతో విభాగాలు పెట్టాయి. కొన్నిచోట్ల అది మొక్కుబడి ట్రైనింగుగా మారింది, మాట జారితే ఉద్యోగం పోతుందన్న భయమూ పుట్టింది. దానికి ఎదురుదెబ్బగా ఇప్పుడు ఆ మాట తిట్టయింది. 2025 జనవరిలో ట్రంప్ ప్రభుత్వం ఫెడరల్ ఆఫీసుల్లో ఆ విభాగాలన్నీ ఎత్తేసింది. అంతకుముందు 2023లోనే సుప్రీంకోర్టు కాలేజీ సీట్లలో జాతిని లెక్కలోకి తీసుకోవద్దంది. ఆ కేసులో ఆసియా పిల్లలకు అన్యాయం జరుగుతోందన్నదే ప్రధాన వాదన కాబట్టి మన ఇళ్లలో దీని మీద గట్టి వాదనలు నడిచాయి.

బీరు మీద, హోటల్ బోర్డు మీద కూడా రాజకీయమేనా?

అవునండీ. 2023 ఏప్రిల్‌లో బడ్ లైట్ బీరు కంపెనీ ఒక ట్రాన్స్‌జెండర్ మహిళతో చిన్న ప్రచారం చేయించింది. సంప్రదాయవాదులు ఆ బీరు కొనడం మానేశారు. రెండు దశాబ్దాలుగా అమ్మకాల్లో మొదట ఉన్న బీరు కొన్ని నెలల్లోనే ఆ స్థానం పోగొట్టుకుంది. 2025 ఆగస్టులో క్రాకర్ బ్యారెల్ అనే హోటళ్ల సంస్థ బోర్డు మీద పీపాకు ఆనుకుని కూర్చున్న ముసలాయన బొమ్మ తీసేసింది. జనం మండిపడితే వారం తిరిగేసరికి మళ్లీ పెట్టింది. బయటివాళ్లకు చిన్న విషయంలా ఉంటుంది. కానీ హైవే పక్కన ఆ హోటల్లో ఆదివారం చర్చి అయ్యాక కుటుంబమంతా తినడం చాలామందికి చిన్నప్పటి జ్ఞాపకం. ఫ్యాక్టరీ పోయింది, ఊరు పోయింది, ఇక ఇది కూడానా అన్న కడుపుమంట అందులో ఉంది. దాన్ని అర్థం చేసుకోకుండా వాళ్లను వెక్కిరించడం నాకు నచ్చదు.

అబార్షన్ మీద ఇంత గొడవ ఎందుకు? అది డాక్టరూ పేషెంటూ చూసుకునే విషయం కదా?

మన దేశంలో 1971 నుంచి దానికి చట్టం ఉంది, ఎన్నికల్లో ఎవరూ దాని గురించి మాట్లాడరు. ఇక్కడ 1973లో కోర్టు తీర్పు ద్వారా హక్కుగా వచ్చింది. కడుపులో బిడ్డది ప్రాణమే అని నమ్మే క్రైస్తవులు దాన్ని ఎత్తేయించడానికి దాదాపు 50 ఏళ్లు పనిచేశారు. 2022 జూన్ 24న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి, రాష్ట్రాలకు వదిలేసింది. టెక్సస్‌లో దాదాపు పూర్తి నిషేధం, పక్కనున్న న్యూ మెక్సికోలో అనుమతి. విచిత్రం ఏంటంటే నేరుగా ప్రజల్నే అడిగితే చాలా రెడ్ స్టేట్లు కూడా హక్కు వైపే ఓటేశాయి. కాన్సస్ 2022 ఆగస్టులో, మిస్సోరీ 2024లో అలాగే చేశాయి. మన ఆడపిల్లలు ఇక్కడ కాపురం పెట్టేటప్పుడు ఒక సంగతి తెలిసి ఉండాలి. కొన్ని రాష్ట్రాల్లో గర్భం మధ్యలో ప్రమాదం వచ్చినా డాక్టర్లు చట్టానికి భయపడి వెనకాడిన సందర్భాలున్నాయి. ఏ రాష్ట్రంలో ఉన్నారో ఆ రాష్ట్రం చట్టం ముందే తెలుసుకోండి.

పసిపిల్లల్ని చంపేస్తుంటే కూడా తుపాకులు ఎందుకు తీసేయరు?

ఈ ప్రశ్నకు జవాబు రాయాలంటే ఇప్పటికీ నా చెయ్యి ఆడదు. 2012 డిసెంబరులో కనెటికట్‌లోని శాండీ హుక్ బడిలో 20 మంది చిన్నపిల్లలు, ఆరుగురు టీచర్లు, సిబ్బంది చనిపోయారు. 2022 మేలో మా టెక్సస్‌లోనే యువాల్డీ బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. 2023 మే 6న మా ఇంటికి దగ్గర్లోని ఆలెన్ మాల్‌లో ఎనిమిది మంది. అందులో ఒకరు మన తెలుగమ్మాయి. మేం బట్టలు కొనే మాల్ అది.

తీసేయకపోవడానికి మొదటి కారణం రాజ్యాంగం. 1791లో చేర్చిన రెండో సవరణ ఆయుధం ఉంచుకునే హక్కు ఇస్తుంది. అది సొంత ఇంట్లో ఆత్మరక్షణకూ వర్తిస్తుందని 2008లో, ఇంటి బయటకూ వర్తిస్తుందని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. రాజ్యాంగం మార్చాలంటే రెండు సభల్లో మూడింట రెండొంతులు, ఆపైన 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి. రెండో కారణం, జనం కన్నా తుపాకులే ఎక్కువున్నాయి. 2018లో ఒక అంచనా 39 కోట్లు. మూడోది నమ్మకం. పోలీసు రావడానికి అరగంట పట్టే పల్లెలో ఉండేవాళ్లకు తుపాకి ఇంటి తాళం లాంటిది. ఏటా 40 వేలకు పైగా జనం తుపాకులతో పోతున్నారు. అందులో సగానికి పైగా ఆత్మహత్యలు, ఆ మాట వార్తల్లో తక్కువ వినిపిస్తుంది.

యువాల్డీ తర్వాత 2022 జూన్‌లో రెండు పార్టీలు కలిసి ఒక చిన్న చట్టం చేశాయి. 21 ఏళ్లలోపువాళ్లు తుపాకి కొంటే గట్టిగా తనిఖీ చేయాలని అందులో ఒక నియమం. మా చిన్నది రెండో తరగతిలో ఉన్నప్పుడు బడిలో లైట్లు ఆర్పి బల్లల కింద చప్పుడు చేయకుండా కూర్చోవడం ప్రాక్టీస్ చేయించారు. ఇంటికొచ్చి "నేను అస్సలు చప్పుడు చేయలేదు నాన్నా" అని గర్వంగా చెప్పింది.

నాయకుల మీద కాల్పులు ఎక్కువయ్యాయా?

ఎక్కువయ్యాయి, అదీ రెండువైపులా. 2024 జులై 13న పెన్సిల్వేనియాలోని బట్లర్ సభలో ట్రంప్ చెవికి బుల్లెట్ తగిలింది. 2025 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియా గవర్నర్ ఇంటికి నిప్పంటించారు. జూన్ 14న మినసోటాలో డెమోక్రాట్ నాయకురాలు మెలిస్సా హార్ట్‌మన్‌ను, ఆమె భర్తను ఇంట్లోనే చంపారు. సెప్టెంబరు 10న యూటా వ్యాలీ యూనివర్సిటీలో విద్యార్థులతో మాట్లాడుతుండగా సంప్రదాయవాద నాయకుడు చార్లీ కర్క్‌ను కాల్చి చంపారు. చనిపోయింది ఎవరి పార్టీవాడన్నదాన్ని బట్టి కొందరు ఏడవడం, కొందరు సంబరపడటం చూశాం. మన వాట్సాప్ గ్రూపుల్లోనూ అలాంటి మెసేజ్‌లు వచ్చాయి. దయచేసి పంపకండి.

చర్చికి వెళ్లేవాళ్లు తగ్గారంటారు, మరి మతం గొడవ పెరిగిందేంటి?

1999లో 100 మందిలో 70 మందికి ఏదో ఒక చర్చిలోనో గుడిలోనో సభ్యత్వం ఉండేది. 2020లో అది 47కి తగ్గింది. తగ్గుతున్నకొద్దీ మిగిలినవాళ్లలో కొందరికి తమ దేశం చేజారిపోతోందన్న దిగులు పెరిగింది. క్రైస్తవ దేశం అన్న మాట ఇప్పుడు సభల్లో బాహాటంగా వినిపిస్తోంది.

దాని సెగ మనకూ తగిలింది. హ్యూస్టన్ పక్కన షుగర్ ల్యాండ్‌లో అష్టలక్ష్మి గుడి ఆవరణలో చినజీయర్ స్వామి ఆధ్వర్యంలో 2024 ఆగస్టులో 90 అడుగుల హనుమంతుడి విగ్రహం ప్రతిష్ఠించారు. 2025లో సెనేట్‌కు పోటీ చేస్తున్న ఒక రిపబ్లికన్ నాయకుడు "ఇది క్రైస్తవ దేశం, ఆ విగ్రహం ఎందుకు" అన్న అర్థంలో పోస్టు పెట్టాడు. ఇక్కడి రాజ్యాంగం మొదటి సవరణ ఏ మతానికైనా ఆ హక్కు ఇస్తుంది, ఆ మాట ఆయనకు గుర్తుచేసినవాళ్లలో క్రైస్తవులూ ఉన్నారు. మరోవైపు ఉపాధ్యక్షుడు వాన్స్ భార్య ఉష గారు తెలుగు మూలాలున్న కుటుంబంలో పుట్టిన హిందువు. ఈ రెండూ ఒకే దేశంలో, ఒకే పార్టీలో ఉన్నాయి.

## పిల్లలు చదువుకో, ఉద్యోగానికో వచ్చినవాళ్లకు

హెచ్1బి (ఉద్యోగ వీసా) మీద ఎందుకంత కోపం? మనవాళ్లు కష్టపడి పనిచేస్తున్నారు కదా?

కష్టపడుతున్నారు, అందులో సందేహం లేదు. ఏటా లాటరీ తీసి ఇచ్చే కొత్త వీసాలు 85 వేలు, ఆమోదం పొందే మొత్తం దరఖాస్తుల్లో భారతీయులవి 70 శాతం పైనే. ఉద్యోగం పోయిన ఒక అమెరికన్ ఐటీ ఉద్యోగి, తన స్థానంలోకి వచ్చినవాళ్లకు పని నేర్పి వెళ్లమంటే ఎలా ఉంటుందో ఒకసారి ఆలోచించండి. అలా జరిగిన కంపెనీలున్నాయి. మన తప్పులూ ఉన్నాయి. లేని అనుభవం రెజ్యూమెలో రాయడం, ఇంటర్వ్యూ ఒకరు ఇచ్చి ఉద్యోగం ఇంకొకరు చేయడం, ఒకే మనిషికి నాలుగు కన్సల్టెన్సీల నుంచి లాటరీ వేయడం. 2023లో లాటరీకి 7.8 లక్షల ఎంట్రీలు వచ్చాయి. మనిషికి ఒకే అవకాశం అని పద్ధతి మార్చాక మరుసటి ఏడు అవి 4.8 లక్షలకు పడిపోయాయి. ఆ తేడా ఏంటో నేను విడమరిచి చెప్పనక్కర్లేదు.

ట్రంప్ వెంట ఉన్నవాళ్లలోనే దీని మీద చీలిక ఉంది. 2024 డిసెంబరులో మస్క్, వివేక్ రామస్వామి ఒకవైపు, ట్రంప్ పాత సలహాదారు స్టీవ్ బానన్ లాంటివాళ్లు మరోవైపు బహిరంగంగా తిట్టుకున్నారు. 2025 సెప్టెంబరు 19న కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు అని ప్రకటన వచ్చింది, అప్పటి లెక్కలో సుమారు 88 లక్షల రూపాయలు. పెళ్లిళ్లకు, దసరాకు ఊరికి వచ్చినవాళ్లు టికెట్టు ఎంతైనా కొని వెనక్కి పరుగెత్తారు. మర్నాడు, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు వర్తించదని వివరణ ఇచ్చారు. ఎక్కువ జీతం ఉన్నవాళ్లకు లాటరీలో ఎక్కువ అవకాశం ఇచ్చే నియమం కూడా డిసెంబరులో ఖరారైంది. ఫ్రెషర్లకు ఇకపై కష్టమే. అప్పు చేసి ఎంఎస్‌కి పంపే తల్లిదండ్రులు ఈ లెక్క చూసుకునే పంపాలి.

మా అమ్మాయి ఎఫ్1 (విద్యార్థి వీసా) మీద ఉంది. ధర్నాకు వెళ్లొచ్చా? పోస్టులు పెట్టొచ్చా?

మాట్లాడే స్వేచ్ఛ పౌరులు కానివాళ్లకూ ఉంటుందన్నది ఇక్కడ చాలాకాలంగా ఉన్న అవగాహన. కానీ వీసా ఇవ్వడం, తీసేయడం ప్రభుత్వం చేతిలో ఉంది. 2025 మార్చిలో కాలేజీ పత్రికలో గాజా మీద వ్యాసం రాసినవాళ్లలో ఒకరైన టర్కీ విద్యార్థినిని వీధిలోనే అదుపులోకి తీసుకున్నారు. కోర్టు విడుదల చేయించేసరికి ఆరు వారాలైంది. జూన్ నుంచి విద్యార్థి వీసాకు వెళ్లేవాళ్లు సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనపడేలా పెట్టాలి. డిసెంబరు 15 నుంచి హెచ్1బి వాళ్లకూ, హెచ్4 మీద ఉండే వాళ్ల కుటుంబాలకూ అదే. హక్కు ఉందని నేనంటాను, దాని కోసం పోరాడేవాళ్లంటే గౌరవం. కానీ నా మేనకోడలికి మాత్రం, డిగ్రీ చేతికొచ్చేదాకా జాగ్రత్తగా ఉండమ్మా అనే చెప్పాను.

డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఓటరుగా చేరతారా అని అడిగారు. సరే అన్నాను. ఏమన్నా అవుతుందా?

అవుతుంది, చాలా పెద్ద సమస్య అవుతుంది. 1993 చట్టం ప్రకారం లైసెన్స్ ఇచ్చేచోటే ఓటరు నమోదు కూడా జరుగుతుంది. కౌంటరులో ఉన్నవాళ్లు అందరినీ అలవాటుగా అడుగుతారు. సిటిజన్ కానివాళ్లు, గ్రీన్ కార్డు ఉన్నా సరే, "నో" అనే చెప్పాలి. పౌరులమని తప్పుగా రాసి సంతకం పెడితే గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ శాశ్వతంగా దూరం కావచ్చు. ఓటు వేస్తే అది నేరం. పొరపాటున టిక్ పెట్టి ఉంటే వెంటనే ఇమిగ్రేషన్ లాయరును కలవండి, సొంతంగా ఉత్తరాలు రాయకండి. చందాల సంగతీ ఇంతే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు అభ్యర్థికి విరాళం ఇవ్వొచ్చు. ఎఫ్1, హెచ్1బి వాళ్లు ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు, తెలిసినవాళ్లు విందు పెట్టి పిలిచినా సరే.

మా మనవడు అక్కడే పుట్టాడు. సిటిజన్‌షిప్ రాదంటున్నారు, నిజమా?

ఇక్కడ పుట్టినవాళ్లు పౌరులే అని 1868 నాటి 14వ సవరణ చెబుతుంది. చైనా తల్లిదండ్రులకు పుట్టిన ఒకరి కేసులో 1898లో సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. 2025 జనవరి 20న ట్రంప్ ఇచ్చిన ఆర్డరు ప్రకారం, తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్ కార్డుదారో కాకపోతే బిడ్డకు రాదు. అంటే హెచ్1బి జంటల పిల్లలూ అందులోకి వస్తారు. కోర్టులు దాన్ని అమలు కానివ్వలేదు. 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు విచారణకు తీసుకుంది. ఆర్డరు వచ్చిన కొత్తలో గడువు తేదీకి ముందే కాన్పు చేయమని డాక్టర్లను అడిగినవాళ్లున్నారని వార్తలొచ్చాయి. తల్లీబిడ్డల ప్రాణంతో అలాంటి పని చేయకండి.

ఇంటికి డబ్బు పంపితే పన్ను వేస్తారా?

2026 జనవరి 1 నుంచి 1 శాతం, అదీ నగదు, మనీ ఆర్డరు, బ్యాంకు చెక్కు లాంటివి ఇచ్చి పంపితేనే. బ్యాంకు ఖాతా నుంచో, ఇక్కడి డెబిట్ కార్డుతోనో పంపితే లేదు. మొదట 5 శాతం అన్నారు, మీరు విన్నది అదై ఉంటుంది.

## ఇక్కడే స్థిరపడ్డవాళ్లకు

మనవాళ్లు ఎటు ఓటేస్తారు?

భారతీయుల్లో 2024లో పదిమందిలో ఆరుగురు కమలా హారిస్‌కు, ముగ్గురు ట్రంప్‌కు వేస్తామన్నారని ఒక పెద్ద సర్వే చెప్పింది. 2020తో పోలిస్తే రిపబ్లికన్లవైపు జరిగారు, ముఖ్యంగా యువకులు. పన్నులు, వ్యాపారం, బడుల్లో ఏం నేర్పుతున్నారన్నవి అటు లాగుతాయి. వలసలు, మతం, తుపాకులు డెమోక్రాట్లవైపు లాగుతాయి. హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ 2023 నుంచి మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్. హైదరాబాదులోనే పుట్టిన గజాలా హష్మీ 2025 నవంబరులో వర్జీనియాలో అదే పదవికి గెలిచారు. ఇద్దరూ డెమోక్రాట్లే.

కులం మీద కూడా అక్కడ చట్టం చేశారట?

2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది, దేశంలో అదే మొదటిది. కాలిఫోర్నియా సభలు కూడా బిల్లు పాస్ చేశాయి గానీ, ఉన్న చట్టాలు చాలని అక్టోబరులో గవర్నర్ వెనక్కి పంపాడు. హిందువులను వేలెత్తి చూపడమే ఇదని కొందరు మనవాళ్లు గట్టిగా వ్యతిరేకించారు. ఆఫీసులో పేరు వెనక పేరు అడిగి, ఊరు అడిగి, ఆ తర్వాత మాట తగ్గించేసిన అనుభవం ఉన్న స్నేహితులు నాకున్నారు. అందుకే నేను ఆ బిల్లు వైపే ఉన్నాను. మన సంఘాలు ఇక్కడికొచ్చి కూడా కులాలవారీగా చీలడం మా పిల్లలకు వివరించలేకపోతున్నాను.

పక్కింటివాళ్లతో రాజకీయం మాట్లాడొచ్చా? మా వీధిలో అన్నీ ట్రంప్ బోర్డులే.

ఆఫీసులో వద్దు. థ్యాంక్స్‌గివింగ్ భోజనానికి సొంత అన్నదమ్ములే రాజకీయం ఎత్తకూడదని ముందే ఒప్పందం చేసుకుంటున్న రోజులివి. పక్కింట్లో మాత్రం, ముందు మనిషి పరిచయం కావాలి.

మా ఎదురింటాయన పెరట్లో 2016 నుంచి ట్రంప్ జెండా ఎగురుతోంది. చాలాకాలం చెయ్యి ఊపడం తప్ప మాటల్లేవు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతాలో మన తెలుగు ఇంజినీరును "నా దేశం వదిలి పో" అని కాల్చి చంపినప్పుడు ఆ జెండా చూస్తే భయమేసేది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫాను వచ్చి లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. మాకు రెండు రోజులు లేదు, ఇంట్లో మా అత్తగారు ఉన్నారు, ఆక్సిజన్ మెషీన్ బ్యాటరీ అయిపోతోంది. రాత్రి పదకొండింటికి ఆ ఎదురింటాయన తలుపు కొట్టి, తన జెనరేటరు నుంచి పొడవాటి తీగ రోడ్డు దాటించి తెచ్చి మా ఇంట్లో ఇచ్చాడు. తీగ మీద కార్లు ఎక్కకుండా పలకలు కూడా పరిచాడు. మర్నాడు పొద్దున మా అత్తగారు ఆయనకు ఉప్మా పంపారు.

ఇప్పుడు టారిఫ్‌ల మీద, హెచ్1బి మీద ఇద్దరం బాగానే వాదించుకుంటాం. లక్ష డాలర్ల ఫీజు వచ్చిన వారం ఆయనే వచ్చి "మీవాళ్లెవరికైనా ఇబ్బందా?" అని అడిగాడు. మా తమ్ముడి కొడుకు సంగతి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. ఆ ఫీజు సరైనదే అని ఇప్పటికీ అంటాడు.